రాయి వేసే మార్కులు

హైదరాబాద్‌లోని మౌలాలీ గుట్టకు వెనక వైపున మోకాలెత్తు రాయి ఒకటుంది. ఉల్లిపొర ఊడినట్టు దాని మీది పెచ్చు ఎప్పుడో లేచిపోయి, అక్కడ బెత్తెడు ఎత్తున మెట్టు తేలింది. ఆ మెట్టు ఎక్కడానికి నా బండికి 7 ఆదివారాలు పట్టింది.

బండి అంటే రిమోట్‌తో నడిచే చిన్న జీపు. అసలు జీపులో పదో వంతు ఉంటుంది. ఇలాంటి వాటిని రాక్ క్రాలర్లు అంటారు. పందేలకు పనికిరావు. పూర్తి వేగంతో వదిలినా చాలావాటిది మనిషి నడకకు అటూ ఇటూ వేగమే. రాళ్ల మీద పాకుతూ పోవడం ఒక్కటే వాటి పని.

నాకు 52 ఏళ్లు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పబట్టి 24 ఏళ్లు. ఈ బండి కట్టడానికి 14 నెలలు పట్టింది. కడుతున్నన్నాళ్లూ మనసులో తొలుస్తూ వచ్చిన సంగతి ఒకటి చెప్పాలనే ఇది రాస్తున్నాను. మెకానికల్ డిప్లొమా చివరి ఏడాదిలో, ప్రతి ముగ్గురు పిల్లలకూ ప్రాజెక్టుగా ఇలాంటి బండి ఒకటి కట్టే పని అప్పగించాలి. కొనుక్కురాకూడదు, కట్టాలి. పరీక్ష హాల్లో కాదు, రాయి మీద పెట్టాలి.

మా నాన్న నీటిపారుదల శాఖలో జీపు డ్రైవరు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ గట్ల మీద ఇంజనీర్లను తిప్పేవారు. విల్లీస్ నుంచి లైసెన్సు తీసుకుని మహీంద్రా వాళ్లు తయారుచేసిన పాత జీపు అది. వానాకాలంలో గట్టు కోసుకుపోయిన చోటికి రాగానే ఇంజను బందు చేసి దిగేవారు. ముందుకు నడిచి వెళ్లి, మన్ను ఎక్కడ మెత్తగా ఉందో, రాయి ఎక్కడ కదులుతుందో మడమతో నొక్కి చూసేవారు. తిరిగి వచ్చాకే గేరు వేసేవారు. "బండి ఎక్కాల్నంటే ముందుగాల కాలు ఎక్కాలె బిడ్డా" అనేవారు. వెనక తొట్టిలో కూర్చున్న నాకు అప్పట్లో అది ఆలస్యంలా తోచేది.

ఆ జీపునే చిన్నగా కట్టాలనుకున్నాను. దాని ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 80 అంగుళాలు. పదో వంతు అంటే 203 మిల్లీమీటర్లు. నాన్న బండి కొలత తప్పకూడదని అంతే పెట్టాను. చూడటానికి ముచ్చటగా ఉంది. గుట్ట మీద పెడితే మాత్రం ఏ వాలు ఎక్కించినా ముందు చక్రాలు పైకి లేచి, వెల్లకిలా పడేది.

ఎందుకు పడుతోందో లెక్క కట్టడం నాకు తెలుసు. బోర్డు మీద ఎన్నిసార్లు కట్టానో. కానీ నా చేతిలోని వస్తువుకు ఆ లెక్క కట్టడం అదే మొదటిసారి. వంటింట్లో వాడే డిజిటల్ తూకాలు రెండు తెచ్చి, ముందు చక్రాలు ఒకదాని మీద, వెనక చక్రాలు ఇంకోదాని మీద నిలబెట్టాను. బరువు సరిసగం. అంటే గురుత్వ కేంద్రం వెనక ఇరుసుకు 101 మిల్లీమీటర్ల ముందుంది. ఇక ఎత్తు. షాకులు (షాక్ అబ్జార్బర్లు) కదలకుండా దారంతో బిగగట్టి, బండిని పలక మీద పెట్టి మెల్లగా పక్కకు వంచాను. 50 డిగ్రీల దగ్గర దొర్లింది. చక్రాల బయటి అంచుల మధ్య వెడల్పు తెలుసు కాబట్టి ఎత్తు తేలింది: 95 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెలకూ వచ్చే కోణం 47 డిగ్రీలు. అది కాగితం మీది మాట. రాయి మీద 40 దాటకముందే పడుతోంది. చక్రం ముందుకు తిరిగేటప్పుడు ఆ బలానికి ఎదురుగా చట్రం వెనక్కి లేస్తుంది. వెనక స్ప్రింగులు కుంగుతాయి. కాగితం మీది లెక్కలో నేను వాటిని కలపలేదు.

చట్రం మళ్లీ కోశాను. ఈసారి ఇరుసుల మధ్య 305 మిల్లీమీటర్లు. బానెట్, ముందు జాలీ, మడిచే అద్దం నాన్న జీపువే. వెనక తొట్టి ఒక్కటే పొడుగైంది. కొలత తప్పినందుకు బాధ ఇప్పటికీ ఉంది. బ్యాటరీని వెనక నుంచి తీసి ముందు ఇరుసు మీదికి తెచ్చాను. ముందు చక్రాల లోపల ఇత్తడి రింగులు పెట్టాను, ఒక్కొక్కటి 90 గ్రాములు. అల్యూమినియం కన్నా ఇత్తడి మూడింతలకు పైగా బరువు. అదే చోట్లో ఎక్కువ బరువు పడుతుంది, అదీ ఇరుసు ఎత్తులోనే. మళ్లీ తూకాల మీద పెడితే బరువులో నూటికి 60 వంతులు ముందుకు వచ్చింది. ఎత్తు 75కు దిగింది. కాగితం మీద ఇప్పుడు 68 డిగ్రీలు. రాయి మీద అంత రాదు. కానీ వెల్లకిలా పడటం మానేసింది.

ఆ రింగులు తీసింది బాలానగర్‌లోని ఒక చిన్న లేత్ షాపులో. దాని యజమాని పదో తరగతితో చదువు ఆపిన మనిషి. ఇరుసును చట్రానికి కలిపే కడ్డీలు కూడా అక్కడే కోయించి, మరలు మాత్రం నేనే తీస్తానన్నాను. 6 మిల్లీమీటర్ల అల్యూమినియం కడ్డీ, దాని కొనలో 2.5 మిల్లీమీటర్ల బెజ్జం, అందులో ఎం3 ట్యాప్. మొదటి రోజే మూడు ట్యాపులు విరిచాను. ఆయన వచ్చి నా చేయి పట్టుకున్నాడు. "సార్, ముందుకు అర చుట్టు తిప్పినంక ఎన్కకు పావు చుట్టు తిప్పాలె. లేకుంటే పొట్టు ఇరుక్కుంటది" అని బెజ్జంలో రెండు చుక్కలు కిరోసిన్ వేశాడు. ఈ మాట నేను 24 ఏళ్లుగా వర్క్‌షాప్ థియరీలో చెబుతున్నాను. పరీక్షలో ఆ ప్రశ్నకు మార్కులు కూడా వేస్తున్నాను. నా వేళ్లకు మాత్రం ఆ రోజే తెలిసింది. ట్యాపు విరగబోయే ముందు ఒక బిగువు వస్తుంది. అది ఎలా ఉంటుందో ఏ పుస్తకమూ రాయలేదు, రాయజాలదు కూడా.

బండి లోపలి సంగతులు కొన్ని మన పల్లెల్లో అందరికీ తెలిసినవే. పొలంలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనక చక్రం ఒకటి బురదలో ఊరికే తిరుగుతూ ఉండిపోతుంది. రెండోది కదలదు. అప్పుడు డ్రైవరు కాలి దగ్గరి పెడల్ తొక్కి డిఫరెన్షియల్ లాక్ చేస్తాడు. రెండు చక్రాలూ కలిసి తిరిగి బండి గట్టెక్కుతుంది. క్రాలర్‌లో రెండు ఇరుసులకూ ఆ లాకు ఎప్పుడూ పడే ఉంటుంది. అందుకే ఒక చక్రం గాలిలో వేలాడుతున్నా మిగతా మూడూ లాగుతాయి. దానికి చెల్లించే మూల్యం మలుపు. ఇరుకు చోట తిరగడానికి రెండు మూడు సార్లు ముందుకీ వెనక్కీ ఆడాలి.

మోటారు 39 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. 14 పళ్ల చిన్న గేరు, అంటే పినియన్, 56 పళ్ల గేరును తిప్పినప్పుడు 4 రెట్లు, గేర్‌బాక్సులో 2.6 రెట్లు, ఇరుసులో 3.75 రెట్లు. మూడూ గుణించి చూడండి. మా పిల్లలు గేర్ ట్రైన్ లెక్కలు పేజీలకు పేజీలు చేస్తారు. పినియన్‌లో ఒక్క పన్ను తగ్గిస్తే బండి రాయి మీద ఎంత నెమ్మదిగా, ఎంత బలంగా అడుగు వేస్తుందో ఒక్కసారి చూపిస్తే, ఆ పేజీలు వాళ్లకు వేరుగా కనిపిస్తాయని నా నమ్మకం.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది స్టీరింగు. రాళ్ల సందులో ముందు చక్రం ఇరుక్కున్నప్పుడల్లా బండి ఒక్క క్షణం చచ్చిపోయి మళ్లీ లేచేది. ఎక్కడో వైరు వదులైందని రెండు వారాలు ప్రతి జాయింటూ మళ్లీ సోల్డర్ చేశాను. తప్పు వైరులో లేదు. ఇరుక్కున్న చక్రాన్ని తిప్పాలని స్టీరింగు సర్వో మోటారు ఒక్కసారిగా కరెంటు లాగేస్తోంది. దాంతో వోల్టేజి పడిపోయి, అదే తీగ మీద బతుకుతున్న రిసీవరు ఆగిపోతోంది. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి వేరే రెగ్యులేటర్ కొని, సర్వోకు విడిగా 6 వోల్టులు ఇచ్చాను. ఆ జబ్బు మళ్లీ రాలేదు. లక్షణం ఒక చోట, కారణం ఇంకో చోట. మెకానిక్ అనే మాటకు అర్థమంతా అక్కడే ఉంది.

ఇంకా చాలా పోయాయి. 3డి ప్రింటింగ్‌లో చేయించిన బానెట్ మే నెల ఎండలో కారులో మర్చిపోతే అప్పడంలా వంగిపోయింది. ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. తర్వాత పలచని అల్యూమినియం రేకుతో చేతితో మడిచాను. ఒకసారి ప్లగ్గు తీయకుండా పడుకుంటే రాత్రికి రాత్రి లిథియం పాలిమర్ బ్యాటరీ పూర్తిగా దిగిపోయి పొద్దున్నకు ఉబ్బింది. దాన్ని మళ్లీ వాడలేదు. అప్పటి నుంచీ బ్యాటరీ ఛార్జింగు బాల్కనీలో మట్టి కుండలో, నేను ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడే. పిల్లల చేతికి ఇచ్చేవాళ్లెవరైనా ఈ జాగ్రత్త మొదటి రోజే చెప్పాలి.

ఈ సరదా పుట్టింది కూడా ఒకదాన్ని విప్పి ఇంకోదానిగా మార్చడంలోనే. జపాన్‌కు చెందిన టామియా కంపెనీ 1987లో క్లాడ్ బస్టర్ అనే పెద్ద చక్రాల బొమ్మ లారీని తెచ్చింది. దాని ప్రతి ఇరుసుకూ విడిగా ఒక మోటారు ఉండేది. అమెరికాలో కొందరు ఆ ఇరుసుల్ని ఊడదీసి, సొంత చట్రాలకు బిగించి రాళ్ల మీదికి తోలారు. కంపెనీలు రాళ్ల కోసమే బండ్లు అమ్మడం తర్వాతి మాట. 2017లో ట్రాక్సస్ తెచ్చిన టీఆర్‌ఎక్స్-4 బండికి, మెర్సిడెస్ ఉనిమోగ్ లారీలలో ఉన్నట్టు, ఇరుసు చక్రం నడిమి కన్నా ఎత్తులో ఉంటుంది. చక్రం దగ్గర ఇంకో గేరు జత దానిని కిందికి కలుపుతుంది. ఇరుసు రాయికి తగలదు. మంచి బండి. డబ్బాలోంచి తీసి అదే రోజు నడపవచ్చు. పిల్లలకు మాత్రం అలాంటిది ఇవ్వవద్దంటాను. అందులో తప్పులన్నీ ముందే ఎవరో చేసి, దిద్ది పెట్టారు.

ఇప్పుడు మా చదువుల సంగతికి వస్తాను. చివరి ఏడాది ప్రాజెక్టులు ఎలా వస్తున్నాయో ఈ వృత్తిలో ఉన్న అందరికీ తెలుసు. నగరంలో దుకాణాలున్నాయి. పేరు చెబితే మోడల్ ఇస్తారు, రిపోర్టు ఇస్తారు, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులూ ఇస్తారు. అట్ట మీద బంగారు అక్షరాలు. లోపల చివరి పేజీలో 'ఫలితాలు సంతృప్తికరం' అన్న వాక్యం. గత ఏడాది మోడల్‌కే ఈ ఏడాది కొత్త రంగు వేసుకుని తెస్తారు. నేనూ సంతకాలు చేశాను. ఒకటి రెండు కాదు. ఆ పిల్లల్లో చాలామంది తెలివైనవాళ్లే. ఏదైనా ఒక వస్తువు చేతిలో విరిగి, అది ఎందుకు విరిగిందో పదిహేను రోజులు ఆలోచించే అవకాశం మేమే వాళ్లకు ఇవ్వలేదు. ఆ సంతకాల బరువు నా మీద ఉంది.

బాజా పోటీల వంటివి లేవా అని ఒక సహోద్యోగి అడిగారు. ఉన్నాయి. 2007 నుంచి ఎస్‌ఏఈ ఇండియా వాళ్లు మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో పెడుతున్నారు. విద్యార్థులు మనిషి కూర్చుని నడిపే బండి కట్టుకుని వస్తారు. గొప్ప పని. కానీ దానికి లక్షల ఖర్చు. కాలేజీకి ఒకే జట్టు. అందులో వెల్డింగు చేసేది ముగ్గురైతే, టీషర్టు వేసుకుని ఫొటోలో నిలబడేది ఇరవై మంది. నేను అడుగుతున్నది బల్ల మీద పట్టే బండి. మూడు కిలోల లోపు బరువు. పడితే ఎవరికీ దెబ్బ తగలదు. మళ్లీ లేపి నిలబెట్టవచ్చు.

నా బండికి మొత్తం 31 వేలు అయింది. అందులో మూడో వంతు నా పొరపాట్ల ఖర్చు. కాలేజీలో అంత అక్కర్లేదు. ఇరుసులు, గేర్‌బాక్సు, మోటారు, రిమోటు కాలేజీవి. బీరువాలో ఉంటాయి. ఏటా కొత్త జట్టుకు చేతులు మారతాయి. అంత చిన్న పళ్ల గేర్లు మన వర్క్‌షాపుల్లో తీయలేం, కొనక తప్పదు. చట్రం, కడ్డీలు, బరువులు, షాకుల అమరిక, పై తొడుగు మాత్రం పిల్లలే చేయాలి. ఏడాది చివర విప్పేయాలి. తర్వాతి జట్టుకు విడిభాగాలే దొరకాలి, బండి దొరకకూడదు. అప్పుడు కొత్త రంగు వేసే దారి మూసుకుపోతుంది.

రాయి కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల రాళ్ల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. గ్రానైటులోని పలుగు, ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు గరుకుగా పైకి తేలి ఉంటాయి కాబట్టి మెత్తటి రబ్బరు వాటిని పట్టుకుంటుంది. వాన పడిన మర్నాడు నల్లటి పాకుడు పట్టి అదే రాయి సబ్బులా జారుతుంది. ఒకే ప్రశ్నపత్రం, ఒక్కోరోజు ఒక్కో కాఠిన్యం. ఎక్కడ కొత్త భవనం లేచినా ఇలాంటి రాళ్లు పేల్చి, లారీలకెత్తి పారబోస్తున్నారు. కాలేజీ ఆవరణలో అయినా ఐదారు బండలను ఉన్నచోటే ఉంచమని ఇంజనీర్లను వేడుకుంటున్నాను.

బొమ్మ బండితో ఉద్యోగం వస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. దానిలోంచి బయటికి వచ్చిన ప్రజ్ఞాన్ రోవర్ 26 కిలోల బండి. ఆరు చక్రాలు, సెకనుకు ఒక సెంటీమీటరు వేగం. గుంట వస్తే ఆగి దారి మార్చుకుంటూ వంద మీటర్లు నడిచింది. దేశమంతా ఊపిరి బిగబట్టి చూసింది. ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోంది, ఎంత వాలులో దొర్లుతుంది, ఇరుక్కుంటే ఎటు కదలాలి అన్న ప్రశ్నలు అక్కడా ఇవే. మా పిల్లలు అందరూ ఇస్రోకు వెళ్లరు. బస్సు డిపోలకు, పంపుసెట్ల ఫ్యాక్టరీలకు, కోల్డ్ స్టోరేజీలకు వెళతారు. అక్కడ యంత్రం ఆగినప్పుడు లక్షణాన్ని పట్టుకుని కారణం దాకా నడవగలిగినవాళ్లు కావాలి.

మార్కుల సంగతి కూడా ఆలోచించాను. బండి రాయి ఎక్కితే కొన్ని మార్కులు. అసలు మార్కులు నోటు పుస్తకానికి. అది చేతిరాతలో, తేదీలతో ఉండాలి. ఏ రోజు ఏది విరిగింది, ఎందుకనుకున్నారు, ఏం మార్చారు, మారిస్తే ఏమైంది. బండి ఎక్కకపోయినా ఈ పుస్తకం నిజంగా ఉంటే ఆ జట్టు పాస్. ఎక్కినా పుస్తకం లేకపోతే ఫెయిల్.

పోయిన ఏడాది అధికారికంగా కాకుండా, సాయంత్రాలు ముగ్గురిని కూర్చోబెట్టి ప్రయత్నించాను. అందులో దేవరకొండ వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒకరు. వాళ్ల బండి మా వర్క్‌షాపు వెనక బండ మీద ఒకే చోట ఆగిపోయేది. ఇద్దరు అబ్బాయిలు టైర్లలో స్పాంజి మార్చి చూశారు, మోటారు మార్చుదామన్నారు. ఆ అమ్మాయి దుపట్టా నడుముకు చుట్టుకుని, నేల మీద బోర్లా పడుకుని, చెంప రాయికి ఆనించి చూసింది. "సార్, ఆగింది చక్రం కాదు, కడ్డీ" అంది. నిజమే. టైరు రాయిని అందుకునేలోపే కింది కడ్డీ అంచుకు ఆనుకుంటోంది. కడ్డీని వంచి ఎత్తు పెంచారు. వంచిన చోట బలం తగ్గి అది రెండో రోజే మడతపడింది. 8 మిల్లీమీటర్లది వేసి మళ్లీ వంచారు. ఈసారి నిలిచింది. బండి ఆ అంచు దాటి, పైన ఇంకో చోట ఆగింది.

ఆ రోజు చీకటి పడేదాకా ఉన్నాం. వెళ్లేముందు ఆమె గ్రీజు వేళ్లతోనే పుస్తకం తెరిచి, తేదీ వేసి రాసింది. నేను భుజం మీదుగా చదివాను. 'నాలుగోసారి. ఎడమకు పడింది. వాలు 43 డిగ్రీలు. కారణం ఇంకా తెలియలేదు. రేపు వెనక షాకులు విప్పి చూడాలి.'